అత్తమ్మ కుర్చీ ముందు తుంగ

సైనిక్‌పురిలో మా ఇంటికి వచ్చినవాళ్ళు గేటు దాటి నాలుగడుగులు వేశారో లేదో ఒకటే ప్రశ్న వేస్తారు. మొన్న పక్క వీధిలోకి కొత్తగా దిగిన భీమవరం ఆవిడ కూడా వేసింది. "తోటంతా ఎంత ముచ్చటగా ఉంచుకున్నారండీ. వరండా ముందు ఆ తుంగ ఒక్కటీ ఎందుకు వదిలేశారు? మా పనివాణ్ణి పంపించమంటారా, పీకి పారేస్తాడు" అంది. వద్దండీ, ఉండనివ్వండి అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి, మోకాలెత్తు పెరిగిన తుంగ వైపు ఒకసారి చూసి, ఈవిడకి కాస్త తేడా ఉన్నట్టుందే అనుకుని కాఫీ తాగి వెళ్ళిపోయింది. వరండాలో పేము కుర్చీలో కూర్చున్న మా మేనత్త మా ఇద్దరినీ పట్టించుకోకుండా ఆ తుంగ వైపే చూస్తోంది. ఆమె చూడాలనే దాన్ని అక్కడ పెంచుతున్నాను. వచ్చినావిడకి ఈ మాట చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. తుంగ మీద నాకు ప్రేమా లేదు, దోమా లేదు. అది మా మేనత్త మీద కక్ష.

మేనత్తని మేం అత్తమ్మ అనే పిలుస్తాం. మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. రైల్వేలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయింది. సికింద్రాబాదు కార్ఖానా బస్తీలో మేం పెరిగిన ఇల్లు ఆమె జీతంతో కట్టిందే. ఆ సంగతి ఇంట్లో ఎవరైనా పొద్దున మర్చిపోతే మధ్యాహ్నానికి గుర్తు చేసేది. ఇప్పుడు తొంభై దాటింది. చెవులు పనిచేస్తాయి, నోరు పనిచేస్తుంది, కాళ్ళే మొరాయిస్తున్నాయి. కార్ఖానా ఇల్లు బిల్డరుకి ఇచ్చేసినప్పుడు ఆమెని ఎవరు తీసుకెళ్ళాలన్న మాట వస్తే చుట్టాలందరికీ ఒక్కసారిగా బీపీలూ, పిల్లల పరీక్షలూ వచ్చాయి. నేను తెచ్చుకున్నాను. మా ఆయన "నీది ఎంత పెద్ద మనసు" అన్నాడు. మనసూ లేదు మన్నూ లేదు. ఒకరి నోటికి ఎదురు చెప్పకుండా పెరిగినదాన్ని, ఆ మనిషి నా ఇంట్లో నా మాట మీద ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆమె తనతో ట్రంకు పెట్టె, పేము కుర్చీ, మల్లె చెట్టున్న పాత సిమెంటు తొట్టి తెచ్చుకుంది. తొట్టి అంత బరువు ఎందుకంటే, "తొట్టి రాకుంటే నేను రాను. ఈడనే ఉంట, బిల్డరు నా మీదకెల్లి కట్టుకోనీ" అని కూర్చుంది. ఆ తొట్టి ఎత్తడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు.

చిన్నప్పటి ఇంటి గురించి రాసేటప్పుడు అందరూ కళ్ళు తుడుచుకుంటారు. నాకు ఆ ఇల్లు తలుచుకుంటే నడుం నొప్పి వస్తుంది. పెంకుటిల్లు, వెనక పెద్ద దొడ్డి. పొద్దున లేచేసరికి వంటింట్లోంచి బొగ్గుల కుంపటి వాసన, రోడ్డవతల బేకరీలోంచి రొట్టె కాలుతున్న వాసన, వాటిని దాటుకుని మిలిటరీ లారీల డీజిలు కంపు. అత్తమ్మ నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుందంటే ఇంట్లో గిన్నె మూత చప్పుడవకూడదు. మా నాన్న దగ్గు వస్తే వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చేవాడు. అమ్మ పోపు వేయాల్సి వస్తే తలుపు దగ్గరకి వేసి, మూకుడు మీద పళ్ళెం బోర్లించి వేసేది. పోపు చిటపటలకి ఒక మనిషి భయపడటం ఇంకే ఇంట్లోనైనా చూశారా? నేను చూశాను, రోజూ.

ఆ దొడ్డి నాకు ఊహ తెలిసేసరికి అడవి. సర్కారు తుమ్మ, లంటానా పొదలు, వానలు పడగానే నడుమెత్తు లేచే వయ్యారిభామ. అత్తమ్మ డ్యూటీకి వెళ్ళే బస్సులోంచి రోజూ కంటోన్మెంటులో ఆఫీసర్ల బంగళాలు చూసేది. వాళ్ళ ఇళ్ళ ముందు పచ్చగా పరిచిన గడ్డి చూసి చూసి, తనకీ ఒక లాన్ కావాలని మనసులో పెట్టుకుంది. మాకు కూరలో నూనె ఎక్కువైతే మాటలు పడే రోజుల్లో ఆమెకి లాన్ కావలసి వచ్చింది. దాని కోసం ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ పొదలు కొట్టాం. తుమ్మ మొద్దులు నరికితే సరిపోదు, చుట్టూ తవ్వి, వేరు కనిపించేదాకా తవ్వి, మొదలు కింద నరకాలి. పైన కోస్తే ఒకటికి పది లేస్తుంది. వయ్యారిభామ పూత పట్టకముందే పీకాలి. పీకితే చేతులు దద్దుర్లెక్కేవి. అమ్మ రాత్రి కొబ్బరినూనె రాసేది, అత్తమ్మ మాత్రం "చేతులకు గుడ్డ కట్టుకోరాదు, అంత సుకుమారమా" అనేది.

ఇంకో పద్ధతి ఉండేది. అది ఆమె సొంతం, ఇంకెక్కడా చూడలేదు. పీకిన ప్రతి మొక్కనీ కుర్చీలో కూర్చున్న ఆమె దగ్గరికి తీసుకెళ్ళి తలకిందులుగా ఎత్తి పట్టుకోవాలి. "వేరు చూపియ్యి" అనేది. వేరు కొస దాకా వచ్చిందా, సరే, బండ మీద ఎండకి పడెయ్యి. మధ్యలో తెగిందా, "తెగింది. మల్ల తవ్వు." అంతే, వేరే మాట లేదు. ఆదివారం మా ఈడు పిల్లలు గ్రౌండులో ఆడుకుంటున్న అరుపులు వినిపిస్తుంటే నేను మట్టి చేతులతో ఒక గడ్డిపోచ పట్టుకుని ఆమె ముందు నిలబడేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నా ముందు మొక్క పీకితే నా కళ్ళు దాని వేరు మీదికే పోతాయి. ఆ జబ్బు ఆమె అంటించిందే.

లాన్ వచ్చింది. ఎవరో మాలీ గోనె సంచిలో తెచ్చిన గడ్డి తెట్టెలు పరిచి, నీళ్ళు కొట్టి, రెండు చాపలంత పచ్చదనం తయారు చేసింది అత్తమ్మ. దాని మీద ఎవరం కాలు పెట్టకూడదు. ఆమె కూడా పెట్టేది కాదు. పెద్ద కత్తెరతో అంచులు కత్తిరించి, పక్కన కుర్చీ వేసుకుని చూసేది. అంత తపస్సు చేసిన లాన్‌లో తుంగ లేచింది. సాయంత్రం కత్తిరిస్తే ఎల్లుండి పొద్దుటికి గడ్డి కంటే జానెడు ఎత్తున నిలబడేది. లాగితే పోచ చేతికొస్తుంది, కింద గడ్డ మట్టిలోనే ఉంటుంది. ఆ గడ్డకి దారం లాంటి వేరు, ఆ వేరుకి ఇంకో గడ్డ, దానికి ఇంకొకటి. వేరు చూపించమంటే ఎక్కడినుంచి చూపిస్తాం? అత్తమ్మకి పిచ్చెక్కింది. దేన్నైనా పీకించగలిగిన మనిషికి తుంగ లొంగలేదు. నాకు లోలోపల చెప్పలేనంత సంతోషం.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పేరు రుక్కమ్మ, జనగాం దిక్కు రైతుల ఇంటి పిల్ల. ఆ ఇంట్లో అమ్మకంటూ ఏదీ లేదు. వంటింటి తాళం అత్తమ్మ దగ్గర, బియ్యం కొలత అత్తమ్మ చేతిలో, మా పేర్లు కూడా అత్తమ్మ పెట్టినవే. అమ్మకి తనదనేది ఒక్కటే, సున్నిపిండి. పెసలు, శనగలు, కచ్చూరాలు, బావంచాలు, అన్నిటికంటే ముఖ్యంగా తుంగముస్తెలు. తుంగ గడ్డలే ఇవి. తవ్వి, కడిగి, నిప్పుల మీద దొర్లించి పైనున్న పీచు మాడ్చి, ఎండబెట్టి, రోట్లో దంచేది. అవి దంచుతున్నప్పుడు వచ్చే వాసన ఎలా ఉంటుందని అడిగితే నేను చెప్పలేను. తడి మట్టి, కొంచెం కర్పూరం. చుట్టుపక్కల ఎవరింట్లో బాలింత ఉన్నా అమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ ఇంట్లో అమ్మని పేరు పెట్టి అడుగుతూ ఎవరైనా వచ్చారంటే ఆ పిండి కోసమే. శనివారం నాకు తలంటి, ఒళ్ళంతా ఆ పిండి రుద్ది, "మా అమ్మ వాసనొస్తున్నవే" అని నా మెడ దగ్గర ముక్కు పెట్టి నవ్వేది. అమ్మ నవ్వటం నాకు గుర్తున్నది అక్కడే, ఆ స్నానాల గదిలోనే.

అత్తమ్మ లాన్ లోంచి తుంగ వెంబడి తవ్వుకుంటూ పోయింది. సెలవు పెట్టి మరీ తవ్వింది. గడ్డ తర్వాత గడ్డ, లాన్ అంచు దాటి, నిమ్మ చెట్టు దాటి, చివరికి స్నానాల గది వెనక నీళ్ళు పడే చోటికి చేరింది. అక్కడ ఒక చాట వెడల్పు మడి, చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, గరిక పోచ కూడా లేకుండా, దుబ్బులు దుబ్బులుగా తుంగ. ఎవరో పనిగట్టుకుని పెంచుతున్నారని గుడ్డివాడికైనా తెలుస్తుంది. మా అమ్మ పెళ్ళయి వచ్చేటప్పుడు కొంగున కట్టుకుని తెచ్చుకున్న గడ్డలవి. రైతు ఇంట పుట్టి, తుంగ పడితే పొలం నాశనమని తెలిసీ, దాన్నే పుట్టింటి గుర్తుగా తెచ్చి నాటుకుంది. మా తాతకి తెలిస్తే తల పట్టుకునేవాడు.

"రుక్కమ్మా, ఇదేంది?" అంది అత్తమ్మ.

"తుంగ, వదినె."

"తుంగ అని నాకు తెల్వదా? ఈడ ఎందుకున్నదని అడుగుతున్న."

"నేనే పెట్టిన. మా అమ్మగారింటికెల్లి తెచ్చిన."

"నా లాన్ అంత ఖరాబ్ చేసింది నువ్వా? నీ ముస్తెలు మోండా మార్కెట్ల దొర్కవా?"

"దొర్కుతయి. వాటికి వాసన ఉండది."

"రేపటికల్ల తీసెయ్యి."

అమ్మ చేతిలో కడగాల్సిన గిన్నెలున్నాయి. వాటిని కింద పెట్టింది. ఆ ఇంట్లో అన్నేళ్ళలో అమ్మ ఎదురు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. గొంతు కూడా పెంచలేదు. "ఇంత పెద్ద జాగల మీ గడ్డికి జాగ ఉన్నది. నా గడ్డికి లేదా, వదినె?" అంది.

"నాది గడ్డి. నీది కలుపు" అంది అత్తమ్మ.

అమ్మ తీయలేదు. ఆ వారమంతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు, మా నాన్న వాళ్ళిద్దరి మొహాలూ చూడలేదు. ఆదివారం బండి మీద షాబాదు బండలొచ్చాయి. అత్తమ్మ తెప్పించింది, నాన్న పరిచాడు. మడి మీద దుబ్బులు కోసి, నేల దిమ్మిస కొట్టి, బండ పక్కన బండ పరిచి, "గిన్నెలు తోముకోను మంచిగైతది కదా" అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. అమ్మ ఆయనకి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అత్తమ్మ మీద నాకున్న కోపం ముందే చెప్పాను. నాన్న మీద కూడా ఉంది. చెంబు అందుకుని ఆ నీళ్ళు గటగటా తాగాడే, అందుకు.

తర్వాత వానాకాలానికి బండల సందుల్లోంచి తుంగ లేచింది. అత్తమ్మ చాకు మొన పెట్టి గీకేది. అమ్మ అక్కడే గిన్నెలు తోముతూ, బియ్యం కడిగిన నీళ్ళు ఎక్కడ పోయాలో తెలియనట్టు సరిగ్గా ఆ సందుల్లో పోసేది. ఆమె గీకేది, ఈమె పోసేది. ఈ విషయం మీద ఇద్దరూ మళ్ళీ ఒక్క మాట అనుకోలేదు. నేను స్కూలుకి పోయి, కాలేజీకి పోయి, పెళ్ళి చేసుకుని వెళ్ళేదాకా అదే యుద్ధం. సందుల్లో వచ్చిన గడ్డలు చిన్నవి, శనగ గింజంత. వాటితోనే అమ్మ ఏడాదికి ఒక డబ్బా పిండి చేసేది. ఆ డబ్బా నాకు పంపించేది.

అమ్మ జ్వరమని పడుకుని, లేవలేదు. ఆ దుఃఖం గురించి నేను రాయను, అది నాది. తర్వాత వానల్లో కార్ఖానా వెళ్ళి నేరుగా దొడ్లోకి నడిచాను. సందుల్లో ఒక్క పోచ లేదు. "మీ అత్తమ్మనే బండలు లేపించి, అడుగంత తవ్వించి, మల్ల పరిపించింది" అన్నాడు నాన్న. అమ్మ పోయేదాకా ఆగి, ఏడాదైనా తిరక్కుండా గెలిచింది అనుకున్నాను. ఆ పూట ఆ ఇంట్లో అన్నం ముట్టలేదు. అత్తమ్మ తన గది వెనక వసారాలో మల్లె తొట్టికి నీళ్ళు పోస్తూ, "తినకుంటే నీకే తక్లీఫ్" అంది. అటువైపు ఎవరినీ రానిచ్చేది కాదు. నేనూ పోలేదు.

ఇన్నేళ్ళకి ఆ తొట్టి సైనిక్‌పురికి వచ్చింది. దించేటప్పుడు మనుషుల చేయి జారి వరండా ముందే పగిలింది. మట్టంతా అక్కడే కుప్పపడితే, మల్లెని అక్కడే నేలలో నాటించాను. వానలు పడ్డాయి. తుంగ లేచింది. మల్లె చుట్టూ, ఆ తర్వాత కనకాంబరాల్లో, బెండ మడిలో, గేటు దాకా. మందు కొట్టేవాణ్ణి పిలిచాను. "ఒక్కసారి కొడితే ఖతం మేడం, మల్ల రాదు" అని సీసా ఊపి చూపించాడు. పైనంతా మాడింది, నా కనకాంబరాలు కూడా మాడాయి, వారం తిరక్కుండా తుంగ మాత్రం వచ్చింది. వాడికి ఫోను చేస్తే ఎత్తడు. ఇప్పుడు అందరిదీ ఇదే పద్ధతి. లాన్ కావాలంటే నర్సరీవాళ్ళు చాపలా చుట్టి లారీలో తెచ్చి పరుస్తారు, కలుపు వస్తే సీసా, మళ్ళీ వస్తే మొత్తం టైల్స్. ఎవరికీ వేలి గోటిలోకి మట్టి పోదు. అప్పుడు మంచిగా ఉండేదని నేననను. నా చేతుల దద్దుర్లు నాకు గుర్తున్నాయి.

చివరికి నాకు తెలిసిన పద్ధతిలోనే దిగాను. వాన వెలిసిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు పోచ పట్టుకుని ఖుర్పీతో పక్కనుంచి తవ్వటం, దారం తెగకుండా వెంట పోవటం, తవ్విన మట్టిని జల్లెడ పట్టి గడ్డలేరి డాబా మీద ఎండబెట్టటం. రెండు వానాకాలాలు పట్టింది. వరండాలోంచి అత్తమ్మ చూస్తూనే ఉంది. తోటంతా శుభ్రమయ్యాక ఆమె కుర్చీ ముందు మిగిలిన ముక్క దగ్గర ఆగాను. అప్పుడు తట్టింది. మూల ఎక్కడో నాకు తెలుసు కదా, ఆమె తొట్టి. "అత్తమ్మా, నువ్వే మోసుకొచ్చినవు తుంగను, నీ మల్లెల కింద" అన్నాను. ఆమె తుంగ వైపే చూసింది. సరే, చూస్తూ కూర్చో అనుకున్నాను. బయటికి పాకకుండా చుట్టూ షాబాదు బండలు నిలువుగా లోతుకి పాతించాను. కావాలనే షాబాదు బండలు తెప్పించాను. లోపల తుంగని పెరగనిచ్చాను. మిగతా తోటంతా రోజూ చేయి పెట్టేదాన్ని, దానిలో మాత్రం పెట్టలేదు, ఎంత గలీజుగా ఉంటే అంత మంచిదని. ఆమె తిడుతుందని, బతిమాలుతుందని, కనీసం కుర్చీ అటు తిప్పమని అడుగుతుందని చూశాను. పొద్దున లేచి కూర్చుని దాన్నే చూసేది. ఒక్క మాట లేదు. గెలిచానని అనుకున్నాను.

నిన్న పొద్దున వాన వెలిశాక చాయ్ తీసుకుని వరండాలోకి వస్తే కుర్చీ ఖాళీగా ఉంది. చేతి కర్ర మెట్ల మీద పడి ఉంది.  చూస్తే ఆమె తుంగ పక్కన తడి నేల మీద ఒక కాలు చాపుకుని కూర్చుని ఉంది. మెట్ల మీద పాకి దిగినట్టుంది, చీరంతా మట్టి. చేతిలో నా ఖుర్పీ. ఓడిపోయావు కదా, ఆఖరికి పీకటానికి దిగావు కదా అనిపించింది. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. చాయ్ గ్లాసు పట్టుకుని దగ్గరికి నడిచాను. ఆమె పక్కన పీకిన కుప్ప ఉంది. గరిక, గడ్డిచేమంతి, వేలెడంత వయ్యారిభామ మొక్కలు. కుప్పలో తుంగ లేదు. తుంగ దుబ్బులు దుబ్బులుగా, చుట్టూ మట్టి గుల్లచేసి, శుభ్రంగా నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా" అన్నాను.

తల ఎత్తలేదు. "గరిక కలుస్తున్నది దీంట్ల. ఇట్లనేనా ఉంచేది? మీ అమ్మ ఒక్క పోచ రానిచ్చేది కాదు. తొట్టిల నేను సుత రానియ్యలే" అంది.

 బండలు లేపించి తవ్వించింది అందుకా? అన్నేళ్ళూ వసారాలో మల్లెల కింద పెంచింది దీన్నా? అడిగితే చెబుతుందా, చెప్పదు. నాకు కన్నీళ్ళు వచ్చాయనుకునేరు, రాలేదు. ఒళ్ళు మండింది. అమ్మ బతికున్నన్నాళ్ళు చాకుతో గీకి, పోయాక దాచుకుంటుందా? ఆ మాట అమ్మకి ఒక్కసారి, గిన్నెలు తోముతున్నప్పుడు ఒక్కసారి చెబితే ఏం పోయేది? ఇన్నేళ్ళు నేను దాచుకున్న కోపం పట్టుకుని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను? ఆమెని నేను క్షమించలేదు. ఆమె అడగనూ లేదు.

"నిలబడి ఏం చూస్తవ్ పిల్లా. ఆ మూలకున్నది నాకు అందుతలేదు" అంది.

చాయ్ గ్లాసు బండ మీద పెట్టి కూర్చున్నాను. మూలనున్న గరిక పట్టుకుని లాగాను. వచ్చింది. ఎవరూ అడగకుండానే నా చేయి దాన్ని తలకిందులు చేసి ఆమె మొహం ముందు ఎత్తి పట్టుకుంది.

ఆమె కళ్ళు చికిలించి చూసింది.

"తెగింది. మల్ల తవ్వు" అంది.